పాడుతోంది కదా, బాగానే ఉందన్నాం

మొన్న పొద్దున కాఫీ తాగుతుంటే నా ఫోనుకు ఒక పాట వచ్చింది. కింద ‘ఈ రాగం రోజూ అరగంట వింటే బీపీ దిగుతుంది, పదిమందికీ పంపండి’ అని రాసి ఉంది. పంపినవాడు ముక్కూ మొహం తెలియనివాడైతే ఊరుకునేదాన్ని. నా దగ్గర ఆరు నెలలు పని నేర్చుకుని వెళ్ళినవాడు. నా బీపీ అక్కడికక్కడే పెరిగింది. ఫోన్ చేసి తిట్టాను. “పాజిటివ్‌గా ఉంటుందని పంపా మేడమ్” అన్నాడు. ఆ తిట్లు సరిపోలేదనిపించి ఇది రాస్తున్నాను. వాడొక్కడికే కాదు, స్పీచ్ థెరపీ చదివి ఉద్యోగంలో చేరబోతున్న పిల్లలందరికీ.

నేను నరసరావుపేటలో ముప్ఫై ఏళ్ళకు పైగా స్పీచ్ థెరపిస్టుగా పనిచేశాను. ఆసుపత్రి పేరు రాయను. పెద్దడాక్టరు పేరు కూడా రాయను, ఆయన్ను పెద్దసారు అంటాను. ఎప్పుడు చేరాను, ఎప్పుడు ఏ మెట్టు ఎక్కాను అన్నది ఎవరికీ అక్కర్లేని సంగతి.

పాట మనిషిని ఏం చేస్తుందో నాకు తెలియదనుకోకండి. చిన్నప్పుడు మా నాన్న నాకు వీణ నేర్పించారు. మంచి పాట వింటే నాకూ ఒళ్ళు గగుర్పొడుస్తుంది. మెదడు తాళంలో తర్వాతి దెబ్బ ఎక్కడ పడుతుందో ముందే లెక్కేసుకుని కాచుకుని కూర్చుంటుంది. అనుకున్నచోట పడితే ఒక సంతోషం, కాస్త ఆలస్యంగా పడితే ఇంకా సంతోషం. ఇష్టమైన పాట నొప్పిని కాసేపు మరిపిస్తుంది, దిగులును తేలిక చేస్తుంది. ఇవన్నీ నిజాలే. కానీ రాగం మందుబిళ్ళ కాదు. షుగరుకు ఈ రాగం, మోకాళ్ళ నొప్పులకు ఆ రాగం అని పట్టికలు వేసి పంచేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. వాళ్ళను నమ్మి మాత్రలు మానేసి, నోరు వంకరపోయి మా దగ్గరికి వచ్చినవాళ్ళను నేను చూశాను.

అయితే వాళ్ళకంటే పెద్ద తప్పు నేను చేశాను.

నోరు పడిపోతే ఏం పోతుంది

పక్షవాతం వచ్చినప్పుడు మన ఊళ్ళల్లో “కాలూ చెయ్యీ పడిపోయింది, నోరు పడిపోయింది” అంటారు. నోటికి చాలాసార్లు ఏమీ కాదు. ఎక్కువమందికి మాట మెదడు ఎడమవైపున ఉంటుంది. అక్కడ రక్తం ఆగితే కుడి చెయ్యి, కుడి కాలు పడిపోవడంతో పాటు మాటా పోతుంది. మనిషికి బుద్ధి ఉంటుంది, ఎదుటివాళ్ళ మాట చాలావరకు అర్థమవుతుంది, తనేం చెప్పాలో తెలుసు. మాట మాత్రం దొరకదు.

పాట సంగతి వేరు. పాటకు మెదడు రెండువైపులా చోటుంది, కుడివైపు ఎక్కువే పనిచేస్తుంది. పైగా బాగా అలవాటైన పాటలో పదాలు ఒకదానికొకటి గొలుసులా తగులుకుని ఉంటాయి. మొదటిది లాగితే చివరిదాకా వచ్చేస్తుంది. ప్రార్థన, ఎక్కాలు, బూతులు, ఇవీ అంతే. నడికుడి నుంచి రైల్లో వచ్చే ఒక రిటైరైన మాస్టారికి పక్షవాతం తర్వాత రెండే మిగిలాయి: పదమూడో ఎక్కం, ఒక పచ్చి బూతు. నేను “పేరేంటండీ?” అంటే బూతు వచ్చేది. ఆయన భార్య చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేది. “నలభై ఏళ్ళ కాపరంలో ఆ మాట నేను ఇనలేదమ్మా” అనేది. ఆయన తిట్టడం లేదని, ఆయనకు మిగిలింది అదేనని ఆవిడకు చెప్పడానికే నాకు రెండు వారాలు పట్టింది.

ఇక్కడ ఒకటి గట్టిగా పట్టుకోండి. గొలుసులా వచ్చేది మాట కాదు. మాస్టారు ఆ బూతుతో ఎవరినీ తిట్టలేరు, ఆ ఎక్కంతో చిల్లర లెక్కపెట్టలేరు. పాట పాడేవాడు కూడా ఆ పాటలోంచి ‘నీళ్ళు’ అన్న ఒక్క పదం ఊడదీసి దాహానికి వాడుకోలేడు. ఇది నాకు పుస్తకంలో వచ్చు, పాఠం చెప్పడం వచ్చు. తీరా నా ముందుకొచ్చినప్పుడు మాత్రం కనపడలేదు.

నా పాట, ఆమె పాట

సువార్తమ్మది బొల్లాపల్లి మండలంలో ఒక ఊరు. అరవై దాటి ఉంటాయి. పక్షవాతం వచ్చేదాకా మిరపకాయల కోతకు వెళ్ళే ఆడవాళ్ళ ముఠాలో పాట చెప్పేది. ముఠాలో పాట చెప్పే మనిషంటే ఉత్త సరదా మనిషి కాదు. ఆమె ఒక చరణం ఎత్తుకుంటే మిగతావాళ్ళు వంత పాడతారు. ఆ వేగానికే చేతులు కదులుతాయి, ఎండ తెలియకుండా సాలు దాటుతుంది. ఆమెను కోడలు రూతమ్మ వారానికి రెండుసార్లు బస్సులో తీసుకొచ్చేది. పలకరిస్తే సువార్తమ్మ పెదాలు కదిలించి, గాలి ఊది, ఎడమచేత్తో తొడ మీద కొట్టుకుని ఊరుకునేది. మూతి ఒక పక్కకు లాక్కుపోయి, కోపంలో కూడా నవ్వుతున్నట్టే కనిపించేది.

మాట పోయినవాళ్ళకు పాట ద్వారా మాట నేర్పే పద్ధతి ఒకటుంది. చిన్న మాటను రెండు స్వరాల మీద సాగదీసి, రోగి ఎడమచేత్తో తాళం వేయిస్తూ పలికిస్తాం. అది ఎంతమందికి పనిచేస్తుందో, అందులో స్వరం పనిచేస్తుందో తాళం పనిచేస్తుందో, పరిశోధనలు చేసే పెద్దవాళ్ళు ఇంకా తగువులాడుతూనే ఉన్నారు. నేను ఆ పద్ధతి మొదలుపెట్టి, నాకు ఏ సంగీతం వస్తే అది ఆమెకు పెట్టాను. మా నాన్న నేర్పించిన గీతం వరసలో “నీ-ళ్ళు” అని ఆలపించాను. ఆరు వారాలు ఆలపించాను. సువార్తమ్మ నన్ను వింతగా చూసేది.

చివరికి రూతమ్మ అంది: “అమ్మా, ఏమనుకోబాక. మీ పాట మీ నోటికి బానే ఉంది. మా అత్తకి అది ఏందో తెలవదు. కాయలు కోసే పాట ఎత్తండి.”

“నాకు రాదే” అన్నాను.

“మీకు రాకపోతే నాకొచ్చు గదా!” అని రూతమ్మే గొంతెత్తింది. ఆడబిడ్డ కాయల గంప దాచేసిందని వదిన వేళాకోళం చేసే పాట. మొదటి పదం పూర్తి కాకముందే సువార్తమ్మ అందుకుంది. ఒక్క పదం తడబడకుండా, అయిదు చరణాలు, బిల్డింగు దద్దరిల్లేలా పాడింది. పక్క గదుల్లోంచి అందరూ పరిగెత్తుకొచ్చారు. రూతమ్మ ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

ఆరు వారాలు నావల్ల పోయాయి. సంగీతమంటే మా ఇంట్లో ఉన్నదే సంగీతమని నాకు ఎవరూ చెప్పలేదు, చెప్పకుండానే ఒంటబట్టింది. మీకు ఒంటబట్టింది ఏదో మీరే వెతుక్కోండి. రోగి ఏ పాటతో పెరిగాడో అడగకుండా గొంతెత్తే హక్కు మీకు లేదు.

ఆడించిన రోజులు

పెద్దసారు చెడ్డవాడు కాదు, చేతి వాటం మనిషీ కాదు. ఆయన జబ్బు చప్పట్లు. సువార్తమ్మ పాట విన్నాక ఆయన ఫోను తీసి వీడియో పట్టారు. తర్వాత ఎవరు ఆసుపత్రికి వచ్చినా, పైఅధికారులైనా, పేపరువాళ్ళైనా, కాలేజీ పిల్లలైనా, మొదట నా గదికి తీసుకొచ్చేవారు.

“మాట రాని మనిషి, పాట వింటారా?” అనేవారు. రూతమ్మ ఎత్తుకునేది, సువార్తమ్మ పాడేది. వాళ్ళు చప్పట్లు కొట్టేవారు. గంగిరెద్దును ఆడించినట్టు ఆడించాం. ‘ఆడించారు’ అని రాయబోయి కొట్టేశాను.

ఎందుకంటే పాట వచ్చాక నేను చేయాల్సిన అసలు పని అప్పుడే మొదలవుతుంది. ఆ వరసలోంచి కొత్త మాటను విడదీయాలి. అది గొడ్డు చాకిరీ, రోజుకు వందసార్లు చెప్పించాలి, చూడటానికి ఏమీ ఉండదు, ఎవరూ చప్పట్లు కొట్టరు. నేను దాన్ని రేపటికి, ఎల్లుండికి నెట్టాను. ఒకరోజు ధైర్యం చేసి పెద్దసారుతో అన్నాను: “సార్, ఈవిడ ఇంకా దాహమేస్తుందని కూడా చెప్పలేదు.”

“పాడుతోంది కదమ్మా, ఇంకేం కావాలి? బాగానే ఉంది, ఇంటికి పంపించు” అన్నారు.

పంపించాను. అప్పుడు గట్టిగా కాదనాల్సింది. అనలేదు.

పది రోజుల పాట

కొన్ని నెలల తర్వాత ఒక మధ్యాహ్నం రూతమ్మ ఫోను నుంచి వీడియో వచ్చింది. సువార్తమ్మ మంచం మీద పడుకుని అదే పాట పాడుతోంది. చుట్టుపక్కల ఆడవాళ్ళు నవ్వుతున్నారు. ‘మా అత్త మూడు రోజుల నుంచి ఒకటే హుషారు, పాట ఆపట్లేదు’ అని రూతమ్మ గొంతు వినిపిస్తోంది. నేను అన్నం తింటూ చూశాను. చప్పట్ల బొమ్మలు నాలుగు పంపించాను. పక్కనున్న నర్సులకు చూపించి మురిసిపోయాను.

మరో వారానికి రూతమ్మ ఆమెను ఆటోలో పడుకోబెట్టుకుని తీసుకొచ్చింది. దొడ్లో కాలు జారి పడిందట. కోడలు కూలికి పోయినప్పుడు పడి, పాక్కుంటూ మంచం దాకా వచ్చిందట. కుడివైపు తుంటి ఎముక విరిగింది. పది రోజులు విరిగిన ఎముకతో పాడింది. ఆమె దగ్గర ఉన్నది ఆ పాటొక్కటే. అరవడానికీ, పిలవడానికీ, నొప్పి అనడానికీ అదే.

“నీళ్ళు పోసేటప్పుడు కాలు ఎత్తితే ఇంకా పెద్దగా పాడిందమ్మా” అంది రూతమ్మ. “నాకు నవ్వొచ్చింది. కళ్ళెమ్మట నీళ్ళు కారతంటే, పాత రోజులు గుర్తొచ్చి ఏడుస్తందిలే అన్నారు అందరూ. నేనూ అట్టాగే అనుకున్నా. నవ్వానమ్మా నేను. నవ్వా.”

నేను నా గదిలోకి వెళ్ళి ఆ వీడియో మళ్ళీ చూశాను. కుడి పాదం బయటికి తిరిగిపోయి ఉంది. నుదుటి మీద చెమట. పాట మామూలు వేగానికి రెండింతలు. దుప్పటిని ఎడమచేత్తో నలిపేస్తోంది. ఇంత తెలిసిన నేను అన్నం తింటూ చప్పట్లు కొట్టాను. కూలి పనికి పోయే కోడలికి తెలియలేదంటే అర్థముంది. నాకేం రోగం?

పాట గురించి నేను నేర్చుకున్నదాంట్లో ముఖ్యమైనది ఇదే, ఏ క్లాసులోనూ నాకిలా చెప్పలేదు. పాట వింటే మనలో పుట్టేది మన సంతోషం, మన దిగులు. దాన్ని మనం పాడేవాళ్ళకు అంటగడతాం. వేళాకోళం పాట విని మన మెదడు ఆనందిస్తుంది కాబట్టి పాడే మనిషీ ఆనందంగా ఉందనుకుంటాం. కడుపు నిండినవాడికి ఎదుటివాడి ఆకలి కనపడనట్టే.

పెద్దసారు ఎక్స్‌రే చూసి, “నువ్వేం చేస్తావమ్మా, పాడుతుంటే ఎవరికి మాత్రం తెలుస్తుంది?” అన్నారు.

“నాకు తెలియాలి సార్! జీతం తీసుకున్నది అందుకే!” అని వార్డంతా వినపడేలా అరిచాను. అప్పటికే చేతులు కాలాయి, ఇక ఆ అరుపు ఎందుకు? గుంటూరులో ఆపరేషన్ చేశారు. ఆలస్యమైంది. సువార్తమ్మ మళ్ళీ నడవలేదు.

ఎవరు ఎత్తుకోవాలి, ఎవరు వంత పాడాలి

ఆమె గుంటూరు నుంచి ఇంటికొచ్చాక ఒక ఆదివారం వాళ్ళ ఊరికి వెళ్ళాను. రూతమ్మ కుర్చీ వేయలేదు.

“ఏందమ్మా, మళ్ళీ పాడించటానికి వచ్చారా? మా అత్త నోట్లోంచి పాట లాగారు, మీకు సరిపోయింది. పేపర్లోళ్ళకీ సరిపోయింది. మాకు మాట కావాల. నొప్పంటే నొప్పని చెప్పాల, ఆకలంటే ఆకలని చెప్పాల. అది వచ్చుద్దా మీకు?”

“వస్తుందో రాదో తెలియదు. చేద్దాం” అన్నాను. నేలమీద కూర్చున్నాను.

ప్రతి ఆదివారం వెళ్ళాను. మిగతా రోజులు రూతమ్మ కూలి నుంచి వచ్చి, పొయ్యి ముట్టించి, అత్త ఎడమచేతిని తన చేతిలో పెట్టుకుని చెప్పించేది. మా చదువులో ఉన్న పద్ధతి ఒకటే: మేము అంటాం, రోగి తిరిగి అంటాడు. రెండు నెలలు అన్నాం. కోత పాట వరసలోనే “నొ-ప్పి” అన్నాం. సువార్తమ్మ తల తిప్పుకునేది. నేను ఇక వదిలేద్దామన్న చోటికి వచ్చాను.

అప్పుడు రూతమ్మ నుదురు కొట్టుకుంది. “అమ్మా, మనం ఎంత పిచ్చోళ్ళం! మా అత్త జన్మలో ఎవరికన్నా వంత పాడిందా? ఆమె చెప్పాల, మనం పాడాల. మనం చెప్తంటే ఆమె యాడ పలుకుద్ది?”

తర్వాత ఆమె చేసింది నేను ఏ ట్రైనింగులోనూ చూడలేదు. పక్కింటి ఇద్దరు ఆడవాళ్ళను పిలిచింది. నలుగురం సాల్లో నిలబడ్డట్టు వరసగా కూర్చున్నాం, ఎదురుగా సువార్తమ్మ మంచం. ఎవరూ నోరు ఎత్తకూడదంది రూతమ్మ. చేతులు మాత్రం కాయలు కోస్తున్నట్టు కదిలించాం. నాకు సిగ్గేసింది. సువార్తమ్మ మమ్మల్ని ఒకరి తర్వాత ఒకరిని చూసింది. పని జరుగుతోంది, పాట లేదు, ముఠా ఎదురుచూస్తోంది. ఆమె ఎడమచెయ్యి తొడ మీద పడింది. ఒకటి, రెండు, మూడు దెబ్బలు.

“నొ... ప్పీ...”

“నొప్పీ!” అని నలుగురం వంత పాడాం.

“కా... లూ...”

“కాలూ!”

రూతమ్మ లేచి అత్త కాలు పట్టుకుని, “ఈడేనా? ఈడ?” అంటూ ఒత్తుతుంటే, సువార్తమ్మ చేత్తో సరిగ్గా చోటు చూపించింది. తుంటి మీద కాదు, మడమ దగ్గర. చూస్తే పుండు పడి ఉంది. ఇంకో వారం ఆగితే ఎముకదాకా పోయేది.

ఏడాదిలో ఆమెకు ముప్ఫై దాకా మాటలు వచ్చాయి. తాళం వేసుకుని, సాగదీసి అనేది. నీళ్ళు, నొప్పి, ఆకలి, తిప్పు, ఫ్యాను, రూతూ. ఏదీ వినడానికి ఇంపుగా ఉండదు. ఏ ఒక్కటీ ఎవరూ వీడియో తీయలేదు.

నా సన్మానం

నా పదవీ విరమణ రోజున ఆసుపత్రి హాల్లో సభ పెట్టారు. వేదిక ఎక్కాక చూశాను, ముందు వరసలో చక్రాల కుర్చీలో సువార్తమ్మ, పక్కన రూతమ్మ. పెద్దసారు నాకు చెప్పకుండా బండి పంపించి పిలిపించారట. రూతమ్మ నేనే పిలిచాననుకుంది.

ఇద్దరు కుర్రాళ్ళు కుర్చీని వేదిక మీదికి ఎత్తారు. మైకు ఆమె నోటి దగ్గర పెట్టారు. “మాట రాని మనిషి, పాట వింటారా?” అన్నారు పెద్దసారు.

సువార్తమ్మ ఎడమచెయ్యి తొడ మీద పడింది. మూడు దెబ్బలు.

“పా... డ... ను.”

ఆ మాట మేము నేర్పలేదు. నేనూ నేర్పలేదు, రూతమ్మా నేర్పలేదు. పక్షవాతం వచ్చిన తర్వాత ఆమె తనంతట తాను కట్టుకున్న మొదటి మాట అది.

సభ నడుపుతున్న యాంకరమ్మాయి మైకు లాక్కుని, “పాపం, మర్చిపోయినట్టున్నారు, అయినా ఒకసారి చప్పట్లు!” అంది.

“మర్చిపోలా! పాడనంటంది! చెవులు లేవా మీకు?” అని కింద నుంచి అరిచింది రూతమ్మ.

పెద్దసారు నా వైపు వంగి, “ఒక్క చరణమమ్మా. నువ్వు ఎత్తుకుంటే ఆవిడ అందుకుంటుంది” అన్నారు.

నిజమే, అందుకుంటుంది. మొదటి పదం చెవిన పడితే ఆ పాట ఆపుకోవడం ఆమె చేతిలో లేదు. అది నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. నా మొహంలోకే చూస్తున్న సువార్తమ్మకు మా ఇద్దరికంటే బాగా తెలుసు.

“పాడనంది కదండీ. నేను ఎత్తుకోను” అన్నాను.

“సరే, అయితే పాత వీడియో వేయండర్రా” అన్నారాయన.

“వద్దు సార్, వెయ్యొద్దు!” అంటూ నేను లేచేలోపే స్పీకర్లలోంచి వచ్చేసింది. ఆమె గొంతే, కాలు బాగున్నప్పటి గొంతు. సువార్తమ్మ పెదాలు బిగించింది. ఎడమచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. చెయ్యి చాటునే పాట మొదలైంది. నేను పరిగెత్తి వైరు పీకేశాను, స్పీకరు ఆగింది, ఆమె ఆగలేదు. అయిదు చరణాలూ అయ్యేదాకా ఆగలేదు. కళ్ళ నీళ్ళు గదవ మీదుగా కారిపోతూనే ఉన్నాయి. రూతమ్మ వేదిక ఎక్కి కొంగుతో తుడుస్తూ నిలబడింది. మేమిద్దరం ఆమెకూ జనానికీ మధ్య అడ్డంగా నిలబడటం తప్ప ఏమీ చేయలేకపోయాం.

పాట అయిపోయింది. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది, కొందరు కళ్ళు తుడుచుకున్నారు. సువార్తమ్మ తొడ మీద మళ్ళీ దెబ్బ వేసుకుని, “పా... డ... ను” అంది. ఇంకోసారి అంది. మూడోసారి అంది. ఆ చప్పట్లలో అది నాకూ రూతమ్మకూ తప్ప ఎవరికీ వినపడలేదు.